ఆయిల్ మార్చేటప్పుడు వాషర్ మార్చాలా, పాతదే వేయాలా?

(రైతు సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో, సంఘం వ్యవసాయ యంత్రాల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి విన్నారు. ఇప్పుడు మాకు అప్పగించిన విషయం వినడానికి చాలా చిన్నది. ఇంటి దగ్గర ట్రాక్టరుకు ఇంజన్ ఆయిల్ మార్చుకునేటప్పుడు డ్రెయిన్ బోల్టు కింద ఉండే వాషర్, ఫిల్టరు దగ్గర ఉండే రబ్బరు రింగు పాతవే వేసుకోవచ్చా, కొత్తవి కొనాలా అన్నదే ప్రశ్న. ఇందాక ఎజెండా చదివినప్పుడు కొందరు నవ్వారు. నవ్వడంలో తప్పులేదు. కొన్నేళ్ల కిందట మేమూ అలాగే నవ్వేవాళ్లం.

మా ఉపసంఘంలో నలుగురం ఉన్నాం. నలుగురికీ సాగర్ ఎడమ కాలువ కింద పొలాలు, నలుగురికీ ట్రాక్టర్లు. ముందుగా మాలో జరిగిన ఒక తప్పు చెప్పి మొదలుపెడతాం. ఎవరి ట్రాక్టరు అన్నది అనవసరం. నలుగురిదీ అదే అలవాటు కాబట్టి నలుగురి తప్పూ అనుకోండి.

కాలువకు నీళ్లు వదిలారు. నారు సిద్ధంగా ఉంది. దమ్ముకు ముందు రోజు సాయంత్రం ఇంటి దగ్గరే ఆయిల్ మార్చాం. మంచి కంపెనీ ఆయిలే పోశాం, ఫిల్టరు కూడా కొత్తదే. డ్రెయిన్ బోల్టు వాషర్ మాత్రం పాతదే వేశాం. అంతకుముందు రెండుసార్లు అదే వేశాం, ఏమీ కాలేదు. ఈసారి బోల్టు దగ్గర సన్నగా చెమ్మ కనిపించింది. ఇంకాస్త బిగిస్తే ఆగుతుందనుకున్నాం. పానాకు పైపు తొడిగి బిగించాం. చెమ్మ ఆగింది. కానీ లోపల మరలు అప్పుడే సాగిపోయాయని మాకు తెలియలేదు.

మర్నాడు దమ్ములో ఇనుప చక్రాల అదురుకు బోల్టు వదులై ఎక్కడో పడిపోయింది. ఇంటి ముందు గట్టి నేల మీదయితే నల్లటి మరక కనపడేది. దమ్ము మడిలో మరక ఏం కనపడుతుంది? కారిన ఆయిల్ కారినట్టే బురదలో కలిసిపోయింది. ఆయిల్ ప్రెషర్ దీపం వెలగాల్సింది, వెలగలేదు. ఆ బల్బు ఎప్పుడో పోయింది, అదీ చిన్న సామానే కదా అని వేయించలేదు. ఇంజన్ మోత మారిందని గమనించేసరికి బేరింగులు కరిగిపోయాయి, క్రాంకు గీతలు పడింది.

మరమ్మతు ఖర్చు యాభై వేలు దాటింది. ఖర్చు కంటే బాధాకరమైనది కాలం. ట్రాక్టరు షెడ్డులో పన్నెండు రోజులు ఉంది. ఆ పన్నెండు రోజుల్లో మన వంతు నీళ్లు వచ్చి పోయాయి, నారు ముదిరింది. అందరికీ పని ఉన్న రోజుల్లో బాడుగ ట్రాక్టరు దొరకడమే గగనం, దొరికినా అడిగినంత ఇవ్వాల్సిందే. షాపులో పదో ఇరవయ్యో పెడితే వచ్చే వాషర్ దగ్గర ఇదంతా మొదలైంది.

ఈ కథ విన్నవాళ్లు వెంటనే అనే మాట, "అందుకే ఏది విప్పినా కొత్తదే వేయాలి" అని. మా తర్వాతి మాట ఏమిటంటే, అదీ పూర్తిగా నిజం కాదు.

ఇంటి దగ్గర ఎందుకు మార్చుకుంటున్నాం?

చాలా ట్రాక్టర్లకు 250 గంటలకోసారి ఇంజన్ ఆయిల్ మార్చమని పుస్తకంలో ఉంటుంది. కొన్ని కొత్త మోడళ్లకు అంతకంటే ఎక్కువ గంటలు ఇచ్చారు. మీ పుస్తకంలో ఎంత ఉంటే అదే లెక్క. నలభై, యాభై హార్స్ పవర్ ట్రాక్టరుకు ఆరు నుంచి ఎనిమిది లీటర్ల ఆయిల్ పడుతుంది. షోరూముకు తీసుకెళ్తే రానూపోనూ డీజిలు, ఒక రోజు పని, కూలి, పైగా వాళ్లు చెప్పిన సామానుకల్లా బిల్లు. అందుకే వారంటీ అయిపోగానే చాలామందిమి ఇంటి దగ్గరే మార్చుకుంటున్నాం. అది తప్పు కాదు, మన యంత్రం మన చేతిలో ఉండటం మంచిదే. వారంటీ ఉన్నంతకాలం మాత్రం పుస్తకంలో చెప్పిన చోట, చెప్పిన గంటలకు చేయించి బిల్లులు దాచుకోండి. వాళ్లకు సాకు ఇవ్వకూడదు.

చిన్న సామాన్ల విషయంలో మనలో రెండు పక్షాలు ఉన్నాయి. షోరూము పక్షం, విప్పిందల్లా పారేయమంటుంది. ఊరి పక్షం, కారనంతకాలం పాతదే వేయమంటుంది. ఒకరికి సామాను అమ్ముడవడం ముఖ్యం, ఒకరికి ఇవాళ డబ్బు మిగలడం ముఖ్యం. ఇద్దరూ ఆ సామాను ఏం పని చేస్తుందో చూడటం లేదు. మేము నేర్చుకున్నదేమిటంటే, ఏ సామాను చేతిలోకి తీసుకున్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ పని చేస్తుంది? ఆ పని చేయడానికి ఒకసారి నలిగి తీరాలా? ఇది పాడైతే మనకు ముందుగా కనపడుతుందా, లేక కనపడేలోపే నష్టం జరిగిపోతుందా? ఈ మూడింటికి జవాబు వస్తే మార్చాలా, వద్దా అన్నది దానంతట అదే తేలుతుంది.

వాషర్ చేసే పని

ఛాంబరు ముఖం, బోల్టు తల చూడటానికి నునుపుగా ఉంటాయి. కానీ రెండింటి మీదా కంటికి ఆనని గీతలు, గుంటలు ఉంటాయి. రెండూ గట్టి లోహాలే కాబట్టి నేరుగా బిగిస్తే ఆ సందుల్లోంచి ఆయిల్ ఊరుతుంది. వాటి మధ్య మెత్తని లోహపు వాషర్ పెడితే అది నలిగి ఆ గుంటల్లోకి సర్దుకుంటుంది. కారకుండా ఆపేది ఆ నలగడమే. అంటే ఒకసారి నలిగిన వాషర్ ఆ బోల్టుకు, ఆ ముఖానికి సరిపోయిన అచ్చు లాంటిది. విప్పి మళ్లీ వేసినప్పుడు ఆ అచ్చు అదే చోట కూర్చోదు. దాన్ని మళ్లీ నలపాలంటే ఎక్కువ బలం కావాలి. అక్కడే పానాకు పైపు తొడుగుతాం, అక్కడే మరలు పోతాయి. పాత వాషర్‌తో అసలు ప్రమాదం చుక్క కారడం కాదు, ఆ చుక్కను ఆపడానికి మనం చేసే అతి బిగింపు.

వాషర్లు అన్నీ ఒక రకం కావు. అందుకే ఒకే జవాబు లేదు.

రాగి వాషర్: దీన్ని మళ్లీ వాడుకోవచ్చు, కానీ తీసింది తీసినట్టు కాదు. రాగి నలిగినకొద్దీ గట్టిపడుతుంది. దాన్ని మళ్లీ మెత్తబరచాలి. తుడిచి, ఆయిల్ లేకుండా చేసి, ఇనుప తీగకు గుచ్చి గ్యాసు మంట మీదో, కొలిమిలోనో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చాలి. నీడలో చూస్తే ఆ ఎరుపు తెలుస్తుంది. తర్వాత నీళ్లలో ముంచినా సరే, గాలికి ఆరబెట్టినా సరే. ఇక్కడ చాలామందికి అనుమానం వస్తుంది. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది కదా అని. అది ఉక్కు గుణం. రాగి గుణం వేరు, నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. పైన పట్టిన నల్లటి పొరను సన్నరకం ఉప్పు కాగితంతో తుడిచేస్తే వాషర్ సిద్ధం. గోరుతో గీస్తే తట్టేంత లోతు గాడి పడినా, ఒక పక్క పలచబడినా, వంకర పోయినా కాల్చి లాభం లేదు, పారేయాల్సిందే.

ఇంకో మాట. రంగు చూసి రాగి అనుకోకండి. బజారులో ఇనుము మీద రాగి పూత పూసినవీ ఉంటాయి. అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది రాగి కాదు.

అల్యూమినియం వాషర్: తెల్లగా, తేలికగా ఉంటుంది. దీన్ని మాత్రం ఇంట్లో కాల్చే ప్రయత్నం చేయొద్దు. అల్యూమినియం దాదాపు 660 డిగ్రీలకే కరుగుతుంది. ఎర్రబడటం కోసం చూస్తూ కూర్చుంటే ఎర్రబడకుండానే ముద్దయిపోతుంది. ఇది ఒకసారి వాడి పారేసే వాషరే. మా ట్రాక్టరులో మూడోసారి వేసింది ఈ రకమే.

మడత వాషర్: పలచని రేకును మడిచి లోపల డొల్లగా చేసింది. కొత్తదాన్ని నొక్కితే కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, వాడినది పూర్తిగా అణిగిపోయి ఉంటుంది. డొల్ల అణగడమే దాని పని. ఒకసారి అణిగితే దాని పని అయిపోయినట్టే. కొత్తదే వేయాలి.

రబ్బరు అంచు వాషర్: ఇనుప చుట్టు, లోపల రబ్బరు పెదవి ఉంటుంది. రబ్బరు మెత్తగా, పగుళ్లు లేకుండా, ఇనుము నుంచి ఊడకుండా ఉంటే మళ్లీ వేసుకోవచ్చు. గోరుతో నొక్కితే లోపలికి పోకుండా రాయిలా ఉంటే మార్చాలి.

అసలు వాషరే లేని బోల్టులు: కొన్ని బోల్టులకు మర కిందికి పోనుపోను సన్నబడుతుంది. గేరుబాక్సుల దగ్గర ఇలాంటివి కనిపిస్తాయి. అవి మరతోనే బిగుసుకుంటాయి. ఎక్కడో వాషర్ పోయిందనుకుని మనం ఒకటి తెచ్చి వేస్తే అది సరిగా కూర్చోదు. మొదట విప్పినప్పుడే వాషర్ ఉందో లేదో చూసుకుని పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ఫిల్టరు దగ్గర బేరం లేదు

డబ్బా ఫిల్టరు, కాగితం ఫిల్టరు రెండూ ఒకసారివే. డీజిల్లో కడిగి, గాలి కొట్టి మళ్లీ వేసేవాళ్లను చూశాం. కాగితం మడతల్లో ఇరుక్కున్న సన్నటి మసి, లోహపు పొడి కడిగితే పోదు. కడిగేటప్పుడు కాగితం ఎక్కడ చిరిగిందో కనపడదు. చిరిగితే వడపోత లేని ఆయిల్ నేరుగా బేరింగులకు పోతుంది. ఇందాకటి మూడో ప్రశ్న గుర్తు చేసుకోండి. ఫిల్టరు పాడైన సంగతి మనకు ముందు కనపడదు. కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతిసారీ, పుస్తకంలో చెప్పిన ప్రకారం కొత్తది. జల్లెడ సంగతి వేరు. ఇత్తడి లేదా స్టీలు తీగ జల్లెడను శుభ్రమైన డీజిల్లో కడిగి, వెలుతురుకు పట్టి చూసి, చిరుగు లేకపోతే నిరభ్యంతరంగా వేసుకోవచ్చు.

డబ్బా ఫిల్టరు దగ్గర జరిగే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. పాత డబ్బా తిప్పి తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూడకుండా కొత్త డబ్బా బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉంటుంది. ప్రెషర్ పెరగగానే పై రింగు జారి ఆయిల్ ధారగా చిమ్ముతుంది. అందుకే పాత డబ్బా చేతిలోకి రాగానే దాని రింగు దానికే ఉందా అని చూడాలి. ఇంజన్ ముఖాన్ని గుడ్డతో తుడిచి వేలితో చుట్టూ తడమాలి. కొత్త రింగుకు వేలితో కొత్త ఆయిల్ రాయాలి. రింగు తగిలాక చేత్తోనే సుమారు ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. డబ్బా మీద వేరే లెక్క అచ్చు వేసి ఉంటే దాన్నే పాటించండి. బిగించడానికి పానా వద్దు.

గిన్నెలో కాగితం ఫిల్టరు పెట్టే రకమైతే, ఫిల్టరు పెట్టెలోనే కొత్త రింగులు ఇస్తారు. వాటిని జేబులో వేసుకుని పాత రింగే పెట్టేవాళ్లు ఉన్నారు. డబ్బు ఎలాగూ ఇచ్చాం కదా, వేసేయండి. పాత రింగు గుండ్రటి తీరు పోయి పలకగా అణిగి ఉంటుంది, చూస్తే మీకే తెలుస్తుంది. కొత్త రింగు దొరకని చోట ఒకే లావు, ఒకే చుట్టుకొలత ఉన్న మామూలు రబ్బరు రింగు తెచ్చి పెట్టకండి. వేడి ఆయిల్‌కు ఓర్చుకునే రబ్బరు వేరు. మామూలు రబ్బరు ఆయిల్‌లో ఉబ్బి మెత్తబడిపోతుంది.

బోల్టును కూడా చూడండి

బోల్టు ఏళ్ల తరబడి మన్నే సామాను. ఊరికే మార్చక్కర్లేదు. కానీ ప్రతిసారీ తుడిచి చూడాలి. తల మూలలు గుండ్రబడ్డాయా? మరల మీద లోహపు పొడి, తీగలా ఊడిన మర ముక్క ఉందా? ఉంటే బోల్టు మార్చాలి, ఛాంబరు మరలను మెకానిక్‌కు చూపించాలి. కొన్ని బోల్టులకు కొనలో అయస్కాంతం ఉంటుంది. దానికి అంటిన సన్నటి బూడిదలాంటి పొడి మామూలే. చేతికి గుచ్చుకునే పెచ్చులు కనపడితే లోపల ఏదో అరుగుతోందని అర్థం. ఆ బోల్టు మనకు ఇంజన్ ఆరోగ్యం చెబుతోంది, తుడిచి పారేయకుండా ఆ మాట వినండి.

వాషర్ లేదని తెల్ల టేపు చుట్టడం, ఎంసీల్ పూయడం, సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టడం మనకు అలవాటు. టేపు పీలికలు, ఆరిన మైనం పెచ్చులు లోపలికి పోతే ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. ట్యూబు ముక్క వేడి ఆయిల్‌కు నానిపోతుంది. పొలంలో ఇరుక్కుపోయి ఇల్లు చేరడానికి ఏదో చేశామంటే అర్థం ఉంది. ఆ రాత్రికి అది తీసేయాలి.

పని చేసే వరస

ఇది మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాం. చదును నేల మీద నిలిపి, ఇంజన్‌ను కాసేపు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ దించాలి. మరీ కాలుతున్నప్పుడు వద్దు, చేతులు బొబ్బలెక్కుతాయి. బోల్టును మొదట వేళ్లతోనే నాలుగైదు చుట్లు ఎక్కించాలి. వేళ్లతో ఎక్కకపోతే మర అడ్డం పడిందన్నమాట, పానా పెట్టకుండా వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. చివరి బిగింపు సరైన సైజు రింగు పానాతో, మామూలు చేతి బలంతో. పైపు తొడగడం ఈరోజు నుంచి మానేద్దాం. ఎంత బిగించాలన్న కొలత పుస్తకంలో ఉంటుంది. కొలిచి బిగించే పానా మండలానికి ఒకటి ఉన్నా చాలు.

ఆయిల్ పోసి స్టార్ట్ చేయగానే ప్రెషర్ దీపం కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపేయాలి. తాళం తిప్పినప్పుడు ఆ దీపం అసలు వెలుగుతోందా అన్నది ముందే చూసుకోవాలి, మా అనుభవం మీకు వద్దు. ఐదు నిమిషాలు నడిపి ఆపి, బోల్టు చుట్టూ, ఫిల్టరు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడాలి. కాసేపాగి గేజి చూడాలి. మరో రెండు గంటలు పనిచేశాక ఇంకోసారి చూడాలి. ముఖ్యంగా, దమ్ముకు ముందు రోజు సాయంత్రం ఆయిల్ మార్చే పని పెట్టుకోవద్దు. నాలుగు రోజుల ముందే మార్చి, గట్టి నేల మీద ఒక పూట నడిపి, కింద అట్టముక్క పరిచి రాత్రంతా నిలపండి. తెల్లారి అట్ట మీద మరక లేకపోతేనే మడిలోకి దించండి.

పంపుసెట్టు, మోటారు సైకిలు

పాత తరహా డీజిల్ పంపుసెట్లలో పక్క తలుపుకు కాగితం ప్యాకింగ్ ఉంటుంది. తలుపు తీస్తే అది సాధారణంగా చిరుగుతుంది. కొత్తది కొనక్కర్లేదు. అదే మందం ప్యాకింగ్ షీటు తెచ్చి, పాతదాన్ని అచ్చుగా పెట్టి కోసుకోవచ్చు. పాత ముక్కలు పూర్తిగా గీకి తీసి, పలచగా గ్రీజు రాసి పెడితే మళ్లీ తీసినప్పుడు చిరగకుండా వస్తుంది. ఇక్కడ పొదుపు చేయడంలో ప్రమాదం లేదు. కారితే కళ్లెదురుగా కారుతుంది.

మోటారు సైకిలు దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. దానిలో ఉండేదే లీటరు అటూఇటూ. కొంచెం కారినా మిగిలేది తక్కువ. పైగా ఇంజన్ పెట్టె అల్యూమినియంది, మరలు తొందరగా పోతాయి. కాబట్టి కొత్త వాషర్, తేలిక బిగింపు.

డీజిల్ లైనులో ఉండే వాషర్ల గురించి ఒక మాట. డీజిల్ ఫిల్టరు దగ్గర బోల్టులకు ఉండే రాగి వాషర్లను ఇందాక చెప్పినట్టు కాల్చి వాడుకోవచ్చు. అవి సరిగా కూర్చోకపోతే గాలి పట్టి బండి స్టార్ట్ కాదు, అంటే వెంటనే తెలుస్తుంది. కానీ ఇంజెక్టరు అడుగున ఉండే వాషర్ జోలికి పోవద్దు. అది మండే గ్యాసుకు అడ్డుగా ఉండేది. దాని మందం మారితే ఇంజెక్టరు ముక్కు ఎత్తు కూడా మారుతుంది. అది మెకానిక్ పని, అక్కడ కొత్తదే పడాలి.

దించిన ఆయిల్

దించిన ఆయిల్‌ను కాలువలో, బావి గట్టున పారబోయకండి. మన పశువులు తాగే నీళ్లే అవి. చేతులకు అంటితే డీజిల్‌తో కాకుండా సబ్బుతో కడుక్కోండి. నాగళ్లకు, కల్టివేటరు గొర్రులకు తుప్పు పట్టకుండా కొంత రాసుకుంటాం, సరే. మిగతాది డబ్బాలో పోసి మూత పెట్టి దాచండి. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను ఆయిల్ తయారీదారుల మీద పెడుతూ కేంద్రం తెచ్చిన నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. కానీ మన ఊళ్లకు వచ్చి తీసుకునేవాళ్లు ఏరీ? అది మనం అడగాల్సిన ప్రశ్న.

సంఘానికి ఇందులో పనేమిటి?

ఇంతసేపూ ఒక్కో రైతు తన ఇంటి దగ్గర చేసుకోవాల్సింది చెప్పాం. ఇక మనందరం కలిసి చేయాల్సింది.

మొదటిది, వాషర్ డబ్బా. మనం పాత వాషర్ వేయడానికి అసలు కారణం పిసినారితనం కాదు. ఆయిల్ దించి, బోల్టు చేతిలో పట్టుకున్నాక సరైన వాషర్ ఇంట్లో ఉండదు. షాపు పదిహేను కిలోమీటర్లు. ఆ ఒక్క వాషర్ కోసం పోవడం ఎందుకని పాతదే వేస్తాం. కాబట్టి ప్రతి గ్రామ శాఖ ఒక డబ్బా పెట్టాలని మా ప్రతిపాదన. మన ఊళ్లో ఉన్న ట్రాక్టర్ల మోడళ్లు రాసుకుని, వాటి డ్రెయిన్ వాషర్లు, ఫిల్టరు రింగులు కలిపి టోకున కొనాలి. తీసుకున్నవాళ్లు ఖరీదు అందులోనే వేయాలి. మా ఊళ్లో ఇది మొదలుపెట్టాం, పాల కేంద్రం బల్ల కింద ఉంటుంది. సైజు వాదన రాకుండా ఒక్కో మోడలుకు ఒక్కో పొట్లం కట్టి పేరు రాశాం.

రెండోది, లెక్క పుస్తకం. ఏ తేదీన, ఎన్ని గంటల మీటరు దగ్గర ఏం మార్చాం, ఎంత పెట్టాం అని రాయాలి. ఏ వాషర్ ఎన్నోసారి వేశామో గుర్తుండటానికి ఒక్కటే కాదు ఇది. సాగు ఖర్చు సంపూర్ణంగా లెక్కగట్టి దాని మీద సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ సిఫారసును చూపించి మనం అడుగుతున్నాం. యంత్రాల ఖర్చు అందులో భాగమే. మన దగ్గర రాత లేకపోతే "మీ ఖర్చు అంత ఎక్కడుంది" అని అడిగినవాళ్లకు ఏం చూపిస్తాం?

మూడోది, డిమాండ్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ట్రాక్టరు కొనేది జీవితంలో ఒకటి రెండుసార్లు. ఏటా కొనేది ఇంజన్ ఆయిల్, దాని మీద మాత్రం 18 శాతమే ఉంది. అది తగ్గించమని అడగాలి. అలాగే మరమ్మతు హక్కు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద కమిటీ వేసినప్పుడు ముందుగా ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ యంత్రాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెచ్చారు. కానీ చట్టం రాలేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం 2023లో వచ్చింది, 2024 జనవరి 1 నుంచి అమలవుతోంది. మనం అడిగేది పెద్ద కోరిక కాదు. ట్రాక్టరుతో ఇచ్చే పుస్తకం తెలుగులో ఉండాలి. ఏ బోల్టుకు ఏ లోహపు వాషర్, ఏ సైజు, ఎంత బిగింపు, ఏది తిరిగి వాడొచ్చు, ఏది వాడకూడదు, విడిగా కొంటే ఎంత అన్నది అందులో ఉండాలి. అన్నీ మార్చమని ఒక్క ముక్కలో చెప్పడం కాదు, ఎందుకు మార్చాలో చెప్పాలి.

మిత్రులారా, పొదుపు మన రక్తంలో ఉంది. అది లేకపోతే ఈ ధరలతో సేద్యం ఎప్పుడో మానేసేవాళ్లం. తీగ జల్లెడ కడిగి వాడదాం, రాగి వాషర్ కాల్చి వాడదాం, ప్యాకింగ్ మనమే కోసుకుందాం. అల్యూమినియం వాషర్, మడత వాషర్, కాగితం ఫిల్టరు, అణిగిన రింగు దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. అవి పాడైన సంగతి మనకు తెలిసేసరికి సీజను పోతుంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత బయట చెట్టు కింద మా ట్రాక్టరు పెట్టాం. ఆయిల్ మార్చే గంటలు వచ్చాయి, అక్కడే మారుస్తాం. రాగి వాషర్ కాల్చడం కూడా చూపిస్తాం. మీ ట్రాక్టరు నుంచి తీసిన పాత వాషర్లు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి, ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో కలిసి చూద్దాం. ప్రెషర్ దీపం బల్బు కూడా ఇప్పుడు వెలుగుతోంది, అదీ చూడొచ్చు.